యాభైమూడు నిమిషాల హైమవతి

నా భార్య హైమవతి మోకాళ్ల కింది వరకు మాత్రమే ఇంట్లో ఉంటోంది. నేల నుంచి పద్దెనిమిది అంగుళాలు. టేపు పెట్టి కొలిచాను. తూనికలు, కొలతల శాఖలో ఇరవై తొమ్మిదేళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసినవాణ్ణి, ఉజ్జాయింపుగా చెప్పడం నాకు చేతకాదు.

పాదాలు రెండూ ఉన్నాయి. మెట్టెలు ఉన్నాయి. ముదురాకుపచ్చ చీర అంచు, దాని పైన జానెడు కుచ్చిళ్లు ఉన్నాయి. ఆ పైన ఏమీ లేదు, వెనక గోడా, గోడ మీద క్యాలెండరూ కనిపిస్తాయి. పొద్దున్నే వంటింట్లోకి వెళ్తుంది. పెరట్లో కుళాయి దగ్గర కాసేపు నిలబడుతుంది. మధ్యాహ్నం నా కుర్చీ పక్కకి వచ్చి ఆగుతుంది. మాట కూడా ఉంది. మాట మాత్రం మామూలు ఎత్తు నుంచే వస్తుంది.

హైమవతి చనిపోయి ఐదు నెలలైంది. మంగళవారం పొద్దున పిండి రుబ్బుతూ గోడకి జారబడింది, అంతే. పదమూడు రోజులూ గడిచి చుట్టాలంతా వెళ్లిపోయాక, నేను క్యామ్‌కార్డరులో కార్డు తీసి టీవీకి పెట్టి చూశాను. మర్నాడు పొద్దున ఆవిడ వచ్చింది. కార్డులో ఎంతవరకు ఉందో అంతే వచ్చింది.

ఎదురింటి వరలక్ష్మి గారు గుమ్మంలోంచి చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు.

"ఆ మాత్రమైనా మిగిలారు, నయమేనండి అన్నయ్యగారూ. మా ఆయనది ఒట్టి గొంతే మిగిలిందండి. అదీ ఫోను ఛార్జింగు ఉన్నంతసేపే."

కార్డులో అంతే ఎందుకుందో చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. మా పెళ్లయి పాతికేళ్లు నిండిన రోజున ఇద్దరం సామర్లకోటలో రైలెక్కి విశాఖపట్నం, అక్కణ్నించి బస్సులో భీమిలి వెళ్లాం. చేతిలో కొత్త క్యామ్‌కార్డరు. ఫుల్ హెచ్‌డీ, అరచేతిలో ఇమిడిపోయేది. ఎర్ర బొత్తాం ఒకసారి నొక్కితే రికార్డింగు మొదలవుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. ప్లాట్‌ఫారం మీద సంచిలోంచి తీస్తున్నప్పుడే వేలు తగిలి ఒకసారి నొక్కుకుపోయింది. అక్కణ్నించి రోజంతా తలకిందులే. కెమెరా ఎత్తి, హైమవతి మొహాన్ని ఫ్రేములో కుదుర్చుకుని బొత్తాం నొక్కినప్పుడల్లా రికార్డింగు ఆగిపోయింది. అయిందనుకుని మళ్లీ నొక్కి చెయ్యి దించినప్పుడల్లా మొదలైంది. నా మోకాలి పక్కన వేలాడుతూ కెమెరా ఏం చూసిందో అదే ఉంది కార్డులో. ప్లాట్‌ఫారం, రైలు పెట్టె నేల, ఇసక, ఆవిడ పాదాలు. మొత్తం యాభైమూడు నిమిషాలు.

రికార్డవుతోందని తెలియడానికి కెమెరా ముందు ఒక చిన్న ఎర్ర దీపం ఉంటుంది. దాని మీద నేను నల్ల టేపు అంటించాను. తెర మీద అక్షరాలు వస్తాయి. అవీ తీసేశాను. రెండూ మా క్లబ్బు పద్ధతులు. దీపం కనిపిస్తే ఎదుటి మనిషి బిగుసుకుపోతాడని, అక్షరాలుంటే ఫ్రేము కంటికి ఆనదని. ఆ పద్ధతులు పెట్టింది నేనే. ఊళ్లో ప్రతి కొట్టువాడికీ త్రాసు ముల్లు మనుషులకి కనబడేలా పెట్టమని నోటీసులిచ్చినవాణ్ణి, నా చేతిలో యంత్రానికి మాత్రం కళ్లకి గంతలు కట్టాను.

ఆ యాభైమూడు నిమిషాల్లో ఆవిడ ఏ మాటలు అందో ఇప్పుడూ అవే అంటుంది. "ఏవండీ." "మంచినీళ్లు తాగారా?" "చెప్పు తెగేలా ఉంది." "ఎండ మండిపోతోంది." "చాలు లెండి, ఇంక ఆపెయ్యండి." ఇంకొన్ని ఉన్నాయి. అన్నీ రాస్తే ఒక పేజీ. ఆ పేజీతో మా కాపురం లోటు లేకుండానే సాగుతోంది. అంతకు ముందు ఇంతకన్నా ఎక్కువ మాట్లాడుకున్నట్టు నాకు గుర్తు లేదు.

నాకు కావలసింది మొహం. గోడ మీద ఫొటో ఉంది కాని అది పెళ్లి నాటిది, పౌడరే ఎక్కువ. పాతికేళ్లలో ఆ మొహం ఎలా మారిందో నాకు గుర్తుకు రావడం లేదు. ఈ సంగతి నేను ఎవరితోనూ అనలేదు. భార్య మొహం గుర్తు రావడం లేదని ఏ నోటితో అంటాం? కళ్లు మూసుకుంటే కెమెరా తెర కనిపిస్తుంది, దాని మీద ఎండ మెరుస్తూ ఉంటుంది. లోపల ఎవరో ఉన్నారని తెలుస్తూనే ఉంటుంది.

అందుకని కార్డుని క్లబ్బుకి తీసుకెళ్దామని నిర్ణయించుకుంటున్నాను.

మా క్లబ్బు పేరు దృశ్య మిత్ర మండలి. స్టేషను రోడ్డులో కుట్టుమిషన్ల కొట్టు పైన గది. ప్రతి ఆదివారం పొద్దున పదింటికి నలుగురం కలుస్తాం. ప్రెసిడెంటు దక్షిణామూర్తి గారు రైల్వే గార్డుగా రిటైరయ్యారు. సుభాషిణి గారు హైస్కూల్లో డ్రాయింగు టీచరు. సత్తిరాజుకి మందుల షాపు ఉంది. నాలుగోవాణ్ణి నేను, ముకుందం.

ఒకరు ఫిలిం చూపిస్తారు. మిగిలినవాళ్లు తలా ఒక తప్పు చెప్పాలి. చివర్న తీసినవాడు కూడా తన ఫిలింలో ఒక తప్పు చెప్పుకోవాలి. తప్పు చెప్పనివాళ్లకి టీ ఇవ్వరు. చెప్పిన తప్పుని ప్రెసిడెంటు గారు రిజిస్టరులో రాస్తారు. రాసిన తప్పు సాయంత్రంలోగా ఫిలింలోంచి పోతుంది. ఫిలింలోంచి పోయింది ఊళ్లోంచి కూడా పోతుంది. అందుకు వేరే ఏర్పాటేమీ అక్కర్లేదు.

తొమ్మిదేళ్లలో నేను ఒక్క ఆదివారం కూడా టీ మానలేదు. సత్తిరాజు వాళ్ల డాబా మీద సూర్యోదయం తీసుకొస్తే, ఆకాశానికి నీళ్ల ట్యాంకు అడ్డొచ్చిందన్నాను. సాయంత్రానికి ట్యాంకు లేదు. వాళ్లింట్లో వారం రోజులు బిందెలతో నీళ్లు మోశారు. సుభాషిణి గారు బడి పిల్లల్ని తీస్తే, ఆవిడ గొంతు బొంగురుగా ఉంది, వినలేకపోతున్నామన్నాను. మర్నాటి నుంచి ఆవిడ తరగతిలో బోర్డు మీద రాసే చెబుతున్నారు. క్లబ్బులో ఒక్కచోటే ఆవిడకి మాట వస్తుంది, అదీ తప్పు చెప్పడానికి.

పోయిన శీతాకాలం సత్తిరాజు వాళ్ల నాన్నగారిని తీసుకొచ్చాడు. మంచం మీద కూర్చుని పాత రోజుల గురించి చెబుతున్నారాయన. పదకొండు నిమిషాలు. మంచి ఫిలిమే. నేను మాత్రం, ఆ దగ్గు మాటిమాటికీ సౌండుని పాడు చేస్తోందని చెప్పి టీ తాగాను. సోమవారం పొద్దున ఆయన దగ్గలేదు. ఊపిరి కూడా తీయలేదు. తర్వాతి ఆదివారం సత్తిరాజు గుండుతో వచ్చి నా పక్కనే కూర్చున్నాడు.

"ఇప్పుడు సౌండు శుభ్రంగా ఉందండి" అన్నాడు.

ఆ మాట మెచ్చుకోలో కాదో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

ఇంత తెలిసీ కార్డు తీసుకెళ్లడానికి కారణం నియమావళిలో పదో నిబంధన. ఏ ఒక్కరూ తప్పు చెప్పని ఫిలిం శాశ్వతంగా నిలిచిపోతుంది. అంతేకాదు, ఆ సమయంలో ఫ్రేముకి బయట తీసినవాడు చూసినదంతా వచ్చి దానితో చేరుతుంది. తొమ్మిదేళ్లలో ఏ ఫిలిమూ ఆ నిబంధన దాకా రాలేదు. రానివ్వనివాణ్ణి ముఖ్యంగా నేనే.

శనివారం సాయంత్రం హైమవతి నా కుర్చీ పక్కన నిలబడి ఉంది. కార్డుని జేబులో పెట్టుకోవడం చూసింది, ఏ కళ్లతో చూసిందో నాకు తెలియదు.

"చాలు లెండి, ఇంక ఆపెయ్యండి" అంటుంది.

"మిగతాది కూడా తెస్తాను. మోకాళ్ల పైన అంతా. మొహం కూడా."

"చాలు లెండి."

"నీకేం, నువ్వలాగే అంటావు" అని నేను టీవీ కట్టేస్తాను.

మొదటి ఆదివారం. యాభైమూడు నిమిషాలూ తెర మీద నడుస్తాయి. నేను తప్పులు ఒకటొకటిగా గుర్తుపడుతూనే ఉన్నాను. నోరు నొక్కుకుని కూర్చుంటాను. దక్షిణామూర్తి గారు గొంతు సవరించుకుంటారు.

"సామర్లకోట ప్లాట్‌ఫారం అనవసరం కదండీ. బండి కదిలాకే కథ మొదలవ్వాలి. ముందంతా వట్టి దండగ."

"రాసుకోండి" అంటాను. ఇంకేం అంటాను?

సుభాషిణి గారు లేచి తెర దాకా వెళ్లి వస్తారు. "గాలి ఎక్కువగా ఉందండి. చీర అంచు ఊరికే కదిలిపోతోంది. కన్ను నిలబడ్డం లేదు."

సత్తిరాజు వంతు వస్తుంది. నేను సిద్ధపడతాను. అతను ఏదన్నా నేను పడాలి, అది న్యాయం. అతను చాలాసేపు తెర వంక చూసి, చేతులు ఒళ్లో పెట్టుకుంటాడు.

"నాకేం కనబడ్డం లేదండి" అంటాడు.

దక్షిణామూర్తి గారు అతని కప్పు బోర్లిస్తారు. నా వంతుకి, రైల్లో ఇరవై రెండు నిమిషాలు చీకటిగా ఉందని చెబుతాను. చీకట్లో పోయేదేముందిలే అనుకుంటాను. టీ చల్లగా ఉంటుంది.

ఇంటికెళ్లేసరికి హైమవతి చీర అంచు కదలడం లేదు. నడుస్తోంది, కుచ్చిళ్లు మాత్రం రేకుతో చేసినట్టు నిలబడి ఉన్నాయి. రాత్రి అన్నం దగ్గర నన్ను పిలవదు. "ఏవండీ" అన్న మాట ఆవిడ ప్లాట్‌ఫారం మీద ఒక్కసారే అన్నదని నాకు అప్పుడు గుర్తొస్తుంది. మంచినీళ్ల మాట రైల్లోది. ఆ తర్వాత ఆవిడ నన్ను ఏమనీ పిలవడం లేదు. వచ్చి ఎదురుగా నిలబడుతుంది, పిలుపు కోసం వెతుకుతున్నట్టు కాసేపు ఆగి, వెళ్లిపోతుంది.

అప్పుడే మానెయ్యాలి. నేనూ ఆ మాటే అనుకుంటున్నాను. కాని ఇంకా ఇరవై ఆరు నిమిషాలు ఉన్నాయి, అందులో తప్పులు తగ్గాయి. తప్పులు తగ్గితే మొహం దగ్గరపడినట్టే. లెక్క ప్రకారం అంతే.

రెండో ఆదివారం దక్షిణామూర్తి గారు అంటారు, "ఆవిడ ఎక్కడికి నడుస్తోందో తెలియడం లేదండి ముకుందం గారూ. దిక్కు లేని నడక బోరు కొడుతుంది."

"బీచిలో ఎక్కడికి నడుస్తామండి?"

"అదేనండి నేనూ అంటున్నాను."

సుభాషిణి గారు బొటనవేలు ఎత్తి, ఒక కన్ను మూసి కొలుస్తారు. "రెండు పాదాలున్నాయండి. చూపు దీని మీద నిలవాలో దాని మీద నిలవాలో తేల్చుకోలేకపోతోంది. కుడిది బాగుంది. ఒక్కటి చాలు."

సత్తిరాజు మళ్లీ ఏమీ కనబడ్డం లేదంటాడు. నా వంతుకి నేను, నీడ రెండు చోట్ల విరిగిందంటాను. అది నా నీడే. నాదే కదా, పోతే పోనీ అనుకుంటాను.

మెట్లు దిగుతున్నప్పుడు సత్తిరాజుని ఆపుతాను. "నువ్వెందుకు టీ మానుకుంటున్నావు? నామీద కోపంతోనేనా?"

"కోపమేం లేదండి. మా నాన్న గురించి మీరు చెప్పింది నిజమేనండి. దగ్గు ఎక్కువగానే ఉండేది, రాత్రుళ్లు మాకూ నిద్ర ఉండేది కాదు." అతను చెప్పులు వేసుకుని, మళ్లీ విప్పి, మళ్లీ వేసుకుంటాడు. "కాకపోతే అది మా నాన్న దగ్గండి."

అతను రోడ్డు దాటి వెళ్లిపోతాడు. నాకు అతన్ని వెనక్కి పిలిచి ఏదో చెప్పాలనిపిస్తుంది. కాళ్ల దగ్గర నీడ లేకుండా ఎండలో నిలబడి ఉండటం కాస్త చలిగా ఉంటుంది.

ఇంట్లో హైమవతి నడవడం మానేసింది. వంటింటి గడప పక్కన కుడి పాదం ఒక్కటే ఉంది. చీర అంచు పాదం పైదాకా వచ్చి ఆగింది. నేలకి నాలుగున్నర అంగుళాలు. వేళ్లు కొద్దిగా ముడుచుకుని ఉన్నాయి, ఇసకని పట్టుకున్నట్టు. నేను వంటింట్లోకి వెళ్లాలంటే ఒదిగి దాటుకుని వెళ్లాలి. ఎవరూ తొక్కకుండా చుట్టూ మూడు కుర్చీలు అడ్డం పెడతాను.

ఫిలింలో నాలుగు నిమిషాలు మిగిలాయి. అందులో ఒక్క మాటే ఉంది.

"ఎటు చూస్తున్నారు?" అంటుంది హైమవతి.

"నిన్నే" అంటాను, పాదం వంక చూస్తూ.

గంటకోసారి అడుగుతుంది. గంటకోసారి అదే చెబుతాను. వారంలో నూట అరవై ఎనిమిది సార్లు. ఒక్కసారి కూడా నమ్మినట్టు లేదు.

మూడో ఆదివారం. నాలుగు నిమిషాలు. ఇసక మీద ఒక పాదం. కెరటం వచ్చి పాదాన్ని తడిపి వెళ్తుంది. కింద ఇసక కొద్దిగా జారుతుంది. పాదం ఆనుకుంటుంది. మళ్లీ కెరటం వస్తుంది. "ఎటు చూస్తున్నారు?" అని గొంతు. అంతే. ఎంత స్పష్టంగా ఉందంటే, బొటనవేలి గోరు మీద పసుపు చార కూడా కనిపిస్తోంది.

దక్షిణామూర్తి గారు రెండోసారి వేయమంటారు. మూడోసారి వేయమంటారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటారు.

"నాకేం దొరకడం లేదండి" అని తన కప్పు తనే బోర్లించుకుంటారు.

సుభాషిణి గారు బొటనవేలు ఎత్తుతారు, దించేస్తారు. తల అడ్డంగా ఊపుతారు. తన కప్పు బోర్లిస్తారు. సత్తిరాజు కప్పు మొదటే బోర్లించి ఉంది.

అందరూ నా వంక చూస్తారు. నిబంధన ప్రకారం నాకు రెండు నిమిషాలు.

తప్పులు ఎన్ని లేవు! క్షితిజరేఖ లేదు. పాదం ఫ్రేముకి ఎడమ పక్కకి పోయింది. కెరటం రెండోసారి వచ్చినప్పుడు కెమెరా ఊగింది. ఒక్కొక్కటీ నాలుక చివరికి వచ్చి నిలబడుతుంది. ఇరవై తొమ్మిదేళ్లు ఇలాంటివి చెప్పే జీతం తీసుకున్నాను. పళ్లు బిగబట్టుకుంటాను. కుర్చీ చెయ్యి పట్టుకుంటాను. చెమట పడుతుంది. ఇంట్లో పాదం, దాని పైన కాలు, నడుము, భుజాలు, మెడ, మొహం. నోరు మూసుకుంటే చాలు. నా జన్మలో ఇంత కష్టమైన పని చేయలేదు.

దక్షిణామూర్తి గారు వాచీ చూసుకుని పచ్చ సిరా పెన్నుతో రాస్తారు. దోషం లేదు. తేదీ వేసి సంతకం చేస్తారు. రైలుకి చూపినట్టు చెయ్యి ఎత్తి నాకు వెళ్లమని సైగ చేస్తారు.

నేను పరిగెత్తుతున్నాను. అరవై ఏళ్ల మనిషి స్టేషను రోడ్డు మీద పరిగెత్తుతుంటే ఎవరూ అడ్డం రారు. మా వీధి మలుపు దగ్గరే ఉప్పుగాలి తగులుతుంది. ఆపుకోలేక నవ్వుతున్నాను. గాలి వచ్చిందంటే మిగతావన్నీ వస్తున్నట్టే. గేటు దగ్గర ఇసక ఉంది. మెట్ల మీద ఇసక ఉంది. హాల్లో సముద్రం చీలమండల దాకా వచ్చి, పడకగది గుమ్మం దగ్గర నురగ వదిలి, వెనక్కి వెళ్తోంది.

వంటింటి గడప పక్కన పాదం అలాగే ఉంది. దాని పైన గాలి వంక చూస్తూ నిలబడతాను. ఇప్పుడు కాలు వస్తుంది. ఇప్పుడు నడుము వస్తుంది.

వీధి తలుపు తోసుకుని ఒకాయన లోపలికి వస్తాడు. పసుపు చొక్కా, చంకలో గొడుగు. ఆయన వెనక ఇద్దరు ఆడవాళ్లు. వాళ్ల వెనక మొక్కజొన్న పొత్తులు కాల్చే మనిషి బొగ్గుల కుంపటితో సహా. చేపల బుట్టలు, బంతి, ఒక గుర్రం, గుర్రాన్ని పట్టుకున్నవాడు. అందరూ మర్యాదగా పాదం చుట్టూ ఉన్న కుర్చీల్ని తప్పించుకుని, గోడల వెంట సర్దుకుంటున్నారు. వస్తూనే ఉన్నారు. నేను లెక్కపెడతాను. లెక్కపెట్టకుండా ఉండలేను. నూట పద్నాలుగు మంది.

ఆ సంఖ్య నాకు తెలుసు.

ఆ నాలుగు నిమిషాలూ నేను కెమెరా దించి, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ, ఎంతమంది ఫ్రేముకి అడ్డం వస్తారో ఒడ్డంతా చూసి లెక్కపెట్టాను. ఒక్కొక్కణ్ణీ చూసి చిరాకుపడ్డాను. పసుపు చొక్కా కంటికి కొడుతుందనుకున్నాను. గుర్రం ఎప్పుడు కదులుతుందా అనుకున్నాను. తీసినవాడు చూసినదంతా వచ్చి చేరుతుంది. నేను చూసింది వీళ్లని. వీళ్లంతా గోరంత లోపం లేకుండా వచ్చారు, చొక్కా గుండీలతో, మెడ మీద మచ్చలతో. ఆవిడ పక్కనే ఉంది, అడిగింది కూడా. నేను తల తిప్పలేదు.

పాదం పైన ఎవరూ రారు.

నేను నీళ్లలో కూర్చుండిపోతాను. ఏడుపు వస్తుంది, ఆపుకోను. నూట పద్నాలుగు మందీ నేను ఏడవడం చూస్తూ నిలబడతారు. మొక్కజొన్న పొత్తుల మనిషి కుంపటి పక్కన పెట్టి దగ్గరికి వస్తుంది. ముసలిది, ముక్కుకి రెండు పక్కలా పుడకలు.

"ఏటయ్యింది బాబూ? మీ ఆవిడ కోసమేనా?"

"నువ్వు చూశావా ఆవిణ్ణి?"

"సూడకేటి బాబూ, నా కాడే పొత్తు కొన్నాది. ఉప్పు కారం బాగా రాయమన్నాది."

"మొహం ఎలా ఉంది?"

ముసలావిడ నన్ను వింతగా చూస్తుంది. "ఎలాగుంటాది, మనిషి మొగంలాగుంటాది. ఆ పక్కనే ఉన్నారు గదా, మీరు సూళ్లేదా?"

ఆవిడకి జాలి కలిగినట్టుంది. వంగి, వేలితో కింది రెప్ప లాగి పట్టుకుంటుంది.

"నా కంట్లో ఉండి ఉంటాది, సూసుకోండి."

బీరువాలోంచి భూతద్దం తెస్తాను. త్రాసుల మీద ప్రభుత్వ ముద్రలు చూడ్డానికి వాడేవాణ్ణి. ముసలావిడ కంటిపాపలో భీమిలి ఒడ్డు ఉంది. బియ్యపు గింజంత, ఏ కెమెరాలోనూ రానంత స్పష్టంగా. ఇసకలో ఒక మగమనిషి వీపు ఉంది. చొక్కా వీపున చెమట, కాలర్ లోపల మడిచిన జేబురుమాలు. జనం వైపు వీపు తిప్పి, రెండు మోచేతులూ పైకెత్తి కెమెరా పట్టుకున్నాడు. వీపుకి ఇటొక పక్క, అటొక పక్క కాస్త ఆకుపచ్చ చీర. మొహం ఉండవలసిన చోట నా తల ఉంది.

"తర్వాతివాళ్లు రండి" అంటాను.

అందరూ వరస కడతారు. పసుపు చొక్కాయన కంట్లో నా వీపు. ఇద్దరు ఆడవాళ్ల కళ్లలో నా వీపు. గుర్రం పట్టుకున్నవాడు పక్కవాటుగా నిలబడ్డాడు, వాడి కంట్లో నా మోచెయ్యి అడ్డం. గుర్రం కంట్లో కూడా చూస్తాను. దాని కన్ను పెద్దది, ఆశ పడతాను. అందులో నా వీపు పెద్దదిగా ఉంది. సముద్రం పిక్కల దాకా వచ్చింది. ఎవరూ విసుక్కోవడం లేదు. ఒక్కొక్కరూ ముందుకొచ్చి, రెప్ప లాగి, చూసుకోనిచ్చి, జరిగిపోతున్నారు. తొంభై. నూటొకటి. నూట పది. ఇంతమంది ఆవిణ్ణి చూశారు. చూసినవాళ్లందరికీ నేను అడ్డం నిలబడ్డాను.

నూట పద్నాలుగో ఆయన వలలు బాగుచేసే ముసలివాడు. నీళ్ల అంచున, అందరికన్నా ఎడంగా కూర్చున్నాడట. ఎడమ కంట్లో పొర ఉంది, కుడి కన్ను చూపిస్తాడు. అందులో నా వీపు కొంచెం వాలుగా ఉంది. వీపుకి పక్కన ఒక చెవి కనిపిస్తోంది. చెవికి ఎర్ర రాయి దుద్దు. చెవి ముందు తెల్లబడ్డ వెంట్రుకలు రెండు గాలికి కదులుతున్నాయి. అవి తెల్లబడ్డాయని నాకు తెలియదు. ఆ వెంట్రుకల దగ్గర మొదలై చెంప ఇటు తిరుగుతోంది. ఆ మనిషి ఒక్క అంగుళం జరిగితే చాలు.

ముసలివాడి రెప్ప మీద గోటితో మెల్లిగా తడతాను.

"బాబూ, కొంచెం పక్కకి జరుగుతారా? ఆవిణ్ణి చూడాలి."

కంటిపాపలో మనిషికి వినబడుతుంది. కెమెరా కంటి మీంచి తీయకుండానే, మెడ సగం వెనక్కి తిప్పుతాడు. చిరాగ్గా ఉన్నాడు. ఆ చిరాకు నాకు బాగా తెలిసినదే.

"మీరే కాస్త పక్కకి జరగండి మాస్టారూ" అంటాడు. "మా ఆవిణ్ణి తీస్తున్నాను."

నేను పక్కకి జరుగుతాను.